మానిన గాయం, మారిన అట్టలు

కరోనా తర్వాత రెండో వానాకాలం. సూరత్‌లో ఉద్యోగం చేసి రిటైరయ్యాక ఆ ఊళ్లోనే గోడాదరా పేటలో నేను పెట్టుకున్న నరాల క్లినిక్‌కి మల్లేశం వచ్చాడు. మరమగ్గం కార్మికుడు. మూడు నెలల కింద మగ్గం బెల్టులో పడి కుడిచేతి వెనక వైపు తెగింది. కుట్లు పడ్డాయి, గాయం మానింది, నొప్పి మాత్రం పోలేదు. అతను గుమ్మం దాటకముందే రోగమేమిటో నేను చెప్పేశాను.

కుర్ర డాక్టర్ల ముందు ఈ కథ ఇలాగే మొదలుపెడతాను. నిజానికి ఆరోజు నేను చెప్పింది, "నీకేం లేదయ్యా" అని.

పనికి తగునో లేదో డాక్టరు చేత రాయించుకు రమ్మని అతన్ని పంపాడు మగ్గాల యజమాని సేఠ్. నాటకమని తేలితే మగ్గం ఇంకొకరికి ఇచ్చేస్తాడు. నేను కుట్ల మచ్చ మీద బొటనవేలితో గట్టిగా నొక్కాను. మల్లేశం మొహంలో మార్పు లేదు.

"నొప్పి లేదా?"

"గిట్ల ఒత్తితే అంత లేదు సార్. పోగు తాకితేనే పాణం పోతది."

నొక్కితే లేని నొప్పి నూలుపోగు తగిలితే వస్తుందా? నవ్వొచ్చింది. 'ఫిట్' అని రాసి దర్జాగా సంతకం చేశాను.

"ఇగ లే. పెద్ద డాక్టరే చెప్పిండు, నీ ఏషాలు అయిపోయినయ్" అంది పక్కనున్న అతని భార్య రాజవ్వ.

వారం తిరక్కుండా ఆమే అతన్ని వెంటబెట్టుకొచ్చింది. "జర మల్ల చూడుండ్రి సార్. నిద్రల గూడ ఫ్యాన్ గాలి తాకితే చెయ్యి గుంజుకుంటుండు. నిద్రల ఎవలన్న నాటకమాడుతరా?"

మల్లేశాన్ని గోడవైపు తిరగమని, అతని చొక్కాకి అంటుకున్న పోగొకటి తీసి మచ్చ మీద మెల్లగా లాగాను. ఎగిరిపడ్డాడు. స్టూలు బోర్లాపడింది. దీన్ని అలోడీనియా అంటారు. నొప్పి పుట్టకూడని మెత్తని స్పర్శకే నొప్పి పుట్టడం. చదువుకునే రోజుల్లో పరీక్షలో రాసి మార్కులు కొట్టేసిన పాఠమే.

అప్పుడు వాళ్లిద్దరినీ కూర్చోబెట్టి చెప్పాను. నరం తెగితే ఆ కబురు వెన్నెముక పక్కనున్న నాడీకణం కేంద్రకం దాకా పోతుంది. ఏ జన్యువును చదవాలో, దేన్ని మూసి ఉంచాలో అక్కడ నిర్ణయించే ప్రోటీన్లే ట్రాన్‌స్క్రిప్షన్ ఫ్యాక్టర్లు. దెబ్బకి వాటిలో కొన్ని జోరందుకుంటాయి, కొన్ని తగ్గుతాయి. దాంతో కణం నొప్పిని పెంచే సరుకు తయారుచేయడం మొదలుపెడుతుంది. పైన చర్మం మానినా లోపల ఆ పని ఆగకపోవచ్చు.

మల్లేశం అందుకున్నాడు. "అంటే జకార్డ్ అట్టలు మారినట్టు సార్. పోగులు అవే, మగ్గం అదే. ఏ పోగు లేవాల్నో పైన అట్టల చిల్లులు చెప్తయ్. అట్ట మారితే కింద పువ్వు మారుతది."

నేను నోరు తెరుచుకుని చూశాను.

"మరి పాత అట్ట మల్ల పెట్టరాదుండ్రి?"

"అట్ట మార్చే మందు నా దగ్గర లేదయ్యా. మగ్గం చప్పుడు తగ్గించే మందులే ఉన్నాయి."

నరాల నొప్పికి మాత్రలు రాశాను. రోజూ చేతిని బట్టముక్కలతో నిమరమని రాజవ్వకు చెప్పాను. మొదట సాటిన్, అలవాటయ్యాక జార్జెట్, చివరికి గరుకు జరీ. ఈ ఊళ్లో ముక్కలకేం కరువు! సేఠ్‌కి ఇంకో చీటీ రాశాను: 'నేను పరీక్షించిన తీరు తప్పు. ఇతని నొప్పి నిజం.' ఆ రెండు వాక్యాలు రాయడానికి మూడు కాగితాలు చించాను. సేఠ్ ఆ మగ్గాన్ని మల్లేశానికే ఉంచాడు. దీపావళి తర్వాత మల్లేశం పనిలోకి వెళ్లాడు. నొప్పి తగ్గింది, పూర్తిగా పోలేదు.

ఇప్పుడు నా బల్ల మీద నరాలు పరీక్షించే సుత్తి పక్కన నూలు ఉండ ఉంటుంది. ఎవరొచ్చినా బొటనవేలికంటే ముందు పోగే తాకిస్తాను. ఎక్కడ నొప్పి లేదో చూసి తీర్పు చెప్పను, ఎప్పుడు పుడుతుందో అడుగుతాను.

అన్నట్టు, జకార్డ్ పోలిక చెప్పినప్పుడల్లా కుర్ర డాక్టర్లు చప్పట్లు కొడతారు. పోయిన నెల మల్లేశం మాత్రలకొచ్చి, "నా అట్టల ముచ్చట ఎవలికన్న చెప్తున్నరా సార్?" అన్నాడు.

"ఎప్పుడూ నీ పేరు చెప్పే మొదలుపెడతాను" అన్నాను.

అప్పటిదాకా ఒక్కసారి కూడా అతని పేరు చెప్పలేదు. ఇప్పుడు మీకు చెప్పడమే మొదటిసారి.