డింగీలో డాక్టరు జాగా

జ్ఞానయ్య సమాధికి కొత్త రాయి వేయిస్తున్నారు. దాని మీద పేరుకు ముందు "డాక్టర్" అని ఉండాలా, వద్దా? ఆ ఒక్క మాట దగ్గర పోర్ట్‌బ్లెయర్ తెలుగు చర్చి సంఘమంతా మూతులు ముడుచుకుని కూర్చుంది.

"లీదియమ్మా, దేవుని యెదుట అబద్ధం రాయిస్తామా? మీ తాత కాంపౌండరే కదా!" అన్నాడు సంఘపెద్ద యేసు కుమార్. మంచివాడే గానీ, మహా మంకుపట్టు మనిషి.

లీదియాకి ఒళ్లు మండిపోయింది. కాకినాడ నుంచి ఓడెక్కి, అడవి నరికే కూలీల వెంట మందులపెట్టెతో డిగ్లీపూర్ చేరినవాడు తాత. అప్పుడక్కడ రోడ్డా, ఆసుపత్రా? చలిజ్వరాలకీ, జెర్రికాట్లకీ, కాన్పులకీ ఆయనే దిక్కు. కానీ డిగ్రీ లేదన్నది నిజమే.

సమాధి కొలతల కోసం పోర్ట్‌బ్లెయర్‌లో డిగ్నాబాద్ పేటలోని ఇంటి నుంచి బయల్దేరి, బస్సులో నడుం విరిగేలా కూర్చుని డిగ్లీపూర్ వెళ్లింది. సమాధి ఖాడీకి, అంటే ఉప్పుటేరుకి, అవతలి గట్టున ఉంది. చక్రి అనే కుర్రాడు నడిపే చిన్న డింగీ పడవ ఎక్కి ముందు బల్ల మీద కూర్చోబోయింది.

"దీదీ, అక్కడొద్దు! అది డాక్టర్ సాబ్ జాగా."

"ఏ డాక్టరు బాబూ?"

"జ్ఞానయ్య డాక్టరండీ. మా నాయన పుట్టకముందు మాట. ఆయన ఏ గట్టు మీంచి కేకేస్తే ఆ గట్టుకి డింగీ తిప్పేవోళ్లంట. జాగా లేదనకూడదని ముందు బల్ల ఎప్పుడూ ఖాళీనే. మా నానమ్మకి నొప్పులొచ్చిన రోజు అర్ధరాత్రి డింగీ దొరక్క, మొసళ్లున్న ఈ ఖాడీలోనే పీకల్లోతు దిగొచ్చాడంట. ఆయన రాకపోతే మా నాయనా లేడు, నేనూ లేను."

"ఆయన పోయి ఎన్నాళ్లయింది! ఇంకా ఎందుకు?"

"అట్లా అంటే ఎట్లా దీదీ? తాత కూర్చోలేదు, నాయన కూర్చోలేదు. నేను కూర్చుంటానా? బాప్‌రే!"

లీదియా గట్టు వైపు తిరిగింది. వరసగా కట్టేసిన డింగీలు. బెంగాలీలవి, రాంచీ నుంచి వచ్చిన కూలీలవి, తెలుగువాళ్లవి. వలలూ బుట్టలూ అన్నీ వెనకే కుక్కి ఉన్నాయి. ఒక్కదానికైనా ముందు బల్ల మీద తాడుముక్క కూడా లేదు. ఓరి దేవుడా, ఇంతమందా! తాను ఎవరి మనవరాలో చక్రికి చెప్పబోయి మానుకుంది. వెళ్లి వెనక, తడి వలల పక్కన కూర్చుంది.

అవతలి గట్టుకి చేరాక యేసు కుమార్‌కి ఫోన్ చేసింది.

"అన్నయ్యా, రాయి మీద కాంపౌండర్ అనే రాయించండి."

"అదేంటమ్మా? కోపమొచ్చిందా?"

"లేదన్నయ్యా," అంది లీదియా, కళ్లు తుడుచుకుంటూ. "ఆయన డాక్టరని ఇక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు."