గులాబీ రంగు రావడానికి అయిదు నిమిషాలు

మా కాలేజీ ల్యాబులో ఒక టెస్టు ఉంది. రెండు చుక్కలు వేయగానే పుల్లటి ఘాటు ముక్కుకి తగులుతుంది, తర్వాత ట్యూబులో నీళ్లు నెమ్మదిగా గులాబీ రంగుకి తిరుగుతాయి. పూర్తి రంగు రావడానికి అయిదు నిమిషాలు పడుతుంది. ఈ బందరు కాలేజీలో నేను పాఠం చెప్పడం మొదలుపెట్టి ఇన్నేళ్లయినా, ఆ అయిదు నిమిషాలూ ట్యూబు మీంచి చూపు తిప్పలేను. విద్యార్థులు దాన్ని శ్రద్ధ అనుకుంటారు. నేనూ కాదనను.

ఈ టెస్టు నాకు నేర్పింది యూనివర్సిటీ కాదు, గుడివాడలో చేపల చెరువుల నీళ్లు పరీక్షించే ఖాజా గారు. చదువు పూర్తయి, ఉద్యోగం నన్ను వెతుక్కుంటూ రాని రోజుల్లో ఆయన దగ్గర చేరాను. ఒక గది, తెల్లకాగితం అతికించిన ఒక కిటికీ, అరలనిండా రైతులు తెచ్చిన సీసాలు. చెరువులో నైట్రైటు ఎక్కువైతే చేపకి ఊపిరాడదు, అందుకని ఆ రంగు కోసం రైతులు బెంచీ అంచున కూర్చుని ఎదురుచూసేవారు. రంగు పూర్తిగా వచ్చేదాకా ఖాజా గారు నోరు విప్పేవారు కాదు. ఫోనులో ఫలితం అసలు చెప్పేవారు కాదు. రైతు వచ్చి తన కళ్లతో చూసుకోవాల్సిందే.

ఒకరోజు ఆయన భోజనానికి వెళ్లినప్పుడు ముదినేపల్లి నుంచి ఒక రైతు వచ్చాడు. రెండు నిమిషాలకి ట్యూబు తెల్లగానే ఉంది. ఎమ్మెస్సీ చదివినవాణ్ణి కదా, "ఏం లేదండీ, నిశ్చింతగా వెళ్లండి" అన్నాను. ఆయన నిశ్చింతగానే వెళ్లాడు. తర్వాత ట్యూబు గులాబీ పువ్వయింది.

ఖాజా గారు తిట్టలేదు. స్కూటరు తీసి, "ట్యూబు పట్టుకుని ఎక్కవోయ్" అన్నారు. ముదినేపల్లి దాకా గతుకుల్లో, వేలితో మూతి మూసి, ఆ ట్యూబుని పసిబిడ్డలా మోశాను. దారిలో ఆయన అన్నది ఒక్కటే. "నీ మాట ముందు వెళ్లిపోయింది. మనం వెనకాల వెళ్తున్నాం."

తర్వాత నేను పైచదువుకి వెళ్లాను. క్యాన్సర్ కణాలు నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువుని ఎంత తయారుచేస్తాయో కొలవడం నా పరిశోధన. ఆ వాయువు క్షణాల్లో మాయమై నైట్రైటుగా మిగులుతుంది కనక, కొలిచేది మళ్లీ ఆ గులాబీ రంగుతోనే. డాక్టరేటు వచ్చింది, బందరులో ఉద్యోగం వచ్చింది. ఆలోగా ఖాజా గారికి పెద్దపేగులో క్యాన్సర్ వచ్చింది.

చూడ్డానికి వెళ్తే, "డాక్టరు గారూ, ఇంతకీ ఏం కనిపెట్టారు?" అన్నారు నవ్వుతూ. ఆయన్ని ఇంకాస్త నవ్విద్దామనుకున్నాను.

"మీ చెరువు రంగే సార్. ఆ వాయువు కొత్త రక్తనాళాలు మొలిపించి గడ్డకి క్యారేజీ పంపిస్తుంది."

"మరి ఛాతీ పట్టేసినప్పుడు నాలుక కింద పెట్టుకుంటానే, నా గుండె మాత్ర?"

"అది ఒంట్లోకి వెళ్లి ఇచ్చేదీ ఆ వాయువే. ఒకే కంపెనీ సరుకు."

ఆయన నవ్వారు. ఆయన భార్య ఫాతిమా గారు టీ తెచ్చారు. మాట చెరువుల మీదికి మళ్లింది.

నాలుగో రోజు పొద్దున్నే ఫాతిమా గారి ఫోను. "ఏవండీ, ఈయనకి ఛాతీ పట్టేసింది. మాత్ర పెట్టుకోమంటే గడ్డ పెరుగుతుందంటున్నారు. మీరే చెప్పారట కదా?"

"ఫోను ఆయనకి ఇవ్వండి" అన్నాను. అటునుంచి ఆయన ఆయాసం వినిపించింది. "పెట్టుకోండి సార్, వెంటనే. ఆ రోజు సగమే చెప్పాను."

"మిగతా సగం?"

"అదే వాయువు బాగా ఎక్కువైతే క్యాన్సర్ కణాల్ని చంపుతుంది."

"నా మాత్రలోది... ఎక్కువా, తక్కువా?"

డాక్టరేటు ఉన్నవాడిగా నా దగ్గర జవాబు ఉండాలి. "గడ్డని ఏం చేస్తుందో నాకు తెలీదు సార్. గుండెని కాపాడుతుందని తెలుసు."

"ఆ తెలీదన్న మాట మొన్నే అనొచ్చుగా." తర్వాత ఫాతిమా గారి గొంతు. "పెట్టుకున్నారండీ. ఆటో వచ్చింది, ఆసుపత్రికి తీసుకెళ్తున్నాం."

బందరు నుంచి గుడివాడకి బస్సులో గంట పైనే. ఫోను మళ్లీ మోగలేదు. మోగకపోవడం మంచిదో కాదో తేల్చుకోలేకపోయాను. కిటికీలోంచి చెరువులు వెనక్కి పోతున్నాయి. ముందు వెళ్లిపోయిన మాట వెనకాల మళ్లీ నేనే వెళ్తున్నాను, ఈసారి స్కూటరు నడపడానికి ఆయన లేరు. దిగేటప్పుడు చూసుకుంటే, కుడిచెయ్యి పిడికిలి బిగిసి, బొటనవేలు పైన మూతలా ఉంది.

వార్డులో ఆయన ముక్కుకి గొట్టంతో, వెల్లకిలా పడుకుని ఉన్నారు. నన్ను చూసి, ఆ పిడికిలి చూసి, మెల్లగా అన్నారు. "ట్యూబు ఏదోయ్? దారిలో ఒలికిపోయిందా?"

గోడవైపు తిరిగి నిలబడ్డాను. నవ్వుతున్నానని ఫాతిమా గారు అనుకున్నట్టున్నారు.

ఆ తర్వాత ఆయన పదినెలలు ఉన్నారు. చివరికి తీసుకెళ్లింది గడ్డే. నా మాటకి, ఆ మాత్రకి అందులో వంతు ఉందా అని ఇప్పటికీ నన్ను నేను అడుగుతుంటాను. తెలీదు.

ఇవాళ ల్యాబులో ఒకమ్మాయి అడిగింది. "సార్, క్యాన్సర్‌లో ఈ వాయువు మంచిదా, చెడ్డదా?" ట్యూబు కిటికీ దగ్గర తెల్లకాగితం ముందు పెట్టాను. రెండు నిమిషాలే అయింది, నీళ్లు ఇంకా తెల్లగా ఉన్నాయి.

"కూర్చోమ్మా" అన్నాను. "రంగు రానీ."