ఓరియన్ థియేటర్ ముందు సగం ఫొటో

విల్మా హుడాక్ వంటింటి బల్ల మీద కాఫీ కప్పు పెట్టుకునే చోటు కూడా మిగల్లేదు. బల్ల నిండా పాత ఫొటోలు. ఓరియన్ థియేటర్ ముందు తీసినవేనని ఊరు ఊరంతా ఒట్టేసి మరీ ఇచ్చింది. ఒక్కదాంట్లోనూ థియేటర్ లేదు.

"ఇది చూడవే, మా నాన్న కొన్న మొదటి కారు," అంటూ పక్కింటి డాటీ ఇంకొకటి తెచ్చింది.

"థియేటర్ ఏదీ?"

"ఇదుగో, బంపర్ వెనకాల. ఆ ఇటుక."

"ఒక్క ఇటుక."

"ఇంకోటి టైరు చాటున ఉందిలే. నీకు తృప్తి ఉంటేగా."

విల్మా కళ్ళద్దాలు తీసి బల్ల మీద పడేసింది. మనిషి బుద్ధే అంత. ఏ దేశమైనా తిరిగి చూడండి, కోట ముందు ఫొటో దిగేవాడు కోటని తన తల వెనకే దాచేస్తాడు. వందల ఏళ్ళు నిలిచిన గోడకంటే నిన్న కొన్న టోపీ ముఖ్యం వాడికి. ఆ తర్వాత చరిత్ర రాయబోయే వాళ్ళు ఆ టోపీ అంచు పక్కనుంచి మెడలు సాచి తొంగిచూడాలి.

మనాంగహీలా నది ఒడ్డున ఉక్కు మిల్లు చుట్టూ పుట్టిన ఊరు కార్‌డెల్. మిల్లు మూతపడ్డాక మిగిలిందే ఇప్పటి ఊరు. ఒకప్పుడు థియేటర్లు మూడుండేవి. ఒకటి కాలిపోయింది, ఒకటి టైర్ల షాపయింది, ఓరియన్ మిగిలింది. దాని మొహానికి కూడా అరవైల్లో ఎవరో పుణ్యాత్ముడు అల్యూమినియం రేకులు కొట్టించాడు. అప్పట్లో అదే ఫ్యాషన్. దాన్ని పడగొట్టి కార్లు నిలుపుకునే స్థలం చేద్దామని ఇప్పుడు ఊరి కౌన్సిల్ ఆలోచన. కార్లున్న వాళ్ళంతా ఊరొదిలి పోయాక ఆ స్థలం ఎవరికయ్యా అని విల్మా అడిగింది. రేకుల కింద కాపాడుకోదగిందేదో ఉందని ఫొటోతో రుజువు చేస్తే రాష్ట్రం వాళ్ళు బాగుచేయిస్తారు. లేకపోతే గురువారం ఓటింగు, ఆ మర్నాడు బుల్‌డోజరు.

ఉన్నదేమిటో అందరికీ గుర్తే. టిక్కెట్ గది నెత్తిన కాల్చిన మట్టితో చేసిన పెద్ద పక్షి. ఏ పక్షో మాత్రం ఎవరికీ గుర్తులేదు. విల్మా నెమలి అంటుంది. ఊళ్ళో సగం మంది గద్ద అంటారు. డాటీ అయితే అది పక్షే కాదు, దేవదూత అంటుంది.

విల్మా తండ్రి మిల్లులో కొలిమి దగ్గర పనిచేసేవాడు. తల్లి ప్రతి మంగళవారం ఓరియన్‌కి పోయేది. సినిమా కోసం కాదు, ఆ రోజు టిక్కెట్‌తో పాటు ఊరికే ఇచ్చే పింగాణీ సామాను కోసం. వారానికో ప్లేటు చొప్పున సెట్టంతా కూడబెట్టి, తీరా మూత గిన్నె ఇచ్చే వారం జ్వరంతో మంచాన పడింది. పోయేదాకా ఆ గిన్నె గురించే తలుచుకుంది. విల్మా పెద్దయ్యాక అక్కడే టిక్కెట్లమ్మింది, తర్వాత టెలిఫోన్ ఎక్స్‌చేంజిలో చేరి అక్కడే రిటైరయింది. ఊరి థియేటర్ల చరిత్ర ఫొటోలతో సహా రాస్తానని అప్పుడు ప్రకటించింది. ఎవరూ వద్దనలేదు. ఎవరూ పట్టించుకోనూ లేదు.

"మా అమ్మ పెళ్ళి ఫొటో ఉంది, కావాలంటే. అదీ ఓరియన్ ముందరే," అంది డాటీ, బిస్కెట్ కొరుకుతూ.

"ఈ ముక్క ఇన్నాళ్ళూ చెప్పలేకపోయావా?"

"నువ్వడిగింది థియేటర్ ఫొటోలు. ఇది పెళ్ళి ఫొటో కదే."

విల్మా తల పట్టుకుంది. ఆ రోజుల్లో మిల్లు పొగకి పట్టపగలే వీధిదీపాలు వెలిగేవి. కెమెరాకి చాలినంత వెలుతురు ఓరియన్ ముందు పందిరి బల్బుల కిందే దొరికేది. అందుకని చర్చిలో తంతు అయ్యీ అవగానే పెళ్ళివాళ్ళంతా హారన్లు మోగించుకుంటూ తిన్నగా అక్కడికే వచ్చేవాళ్ళు. ఊళ్ళో ప్రతి పెళ్ళికూతురూ ఆ బల్బుల కింద నవ్విందే. ఇంత తెలిసిన మనిషికి పెళ్ళి ఫొటోలడగాలని తోచలేదు.

ఊరంతా కబురు పెడితే మర్నాటికి పెళ్ళి ఫొటోలు సంచులతో వచ్చిపడ్డాయి. అన్నీ తలుపుల పక్కన తీసినవే, ఒక్కదాంట్లోనూ పక్షి పడలేదు. టిక్కెట్ గదికి అడ్డంగా నిలబడితే మేనేజరు బయటికొచ్చి తరిమేవాడు, బేరం పాడవుతుందని. ఒక్క పెళ్ళికూతుర్ని మాత్రం తరమలేదు, తన దగ్గర టిక్కెట్లమ్మే పిల్ల కదాని. ఆ పిల్ల విల్మాయే.

ఆ ఫొటో ఉంది. సగం ఉంది. రెండో సగంలో ఎమిల్ ఉన్నాడు. విడాకులైన రోజున వంటింటి కత్తెరతో నిలువునా కోసి, అతని సగం అతనికి పోస్టులో పంపేసింది. కత్తెర సరిగ్గా పక్షి తల మీదుగా పోయింది. ఆమె వైపు మిగిలింది పొడుగాటి తోక, పైన తురాయిలాంటిదేదో కొంచెం.

"వాడు ఎప్పుడో పారేసుంటాడు," అంది విల్మా.

"అడిగి చూడు."

"నేనా?"

"కట్టుకుంది నేనా మరి?" అంది డాటీ.

బుధవారం విల్మా వంతెన దాటి వెళ్ళింది. ఎమిల్ పెట్రిక్ ముసలివాళ్ళ అపార్ట్‌మెంట్లలో ఉంటాడు. ముక్కుకి ఆక్సిజన్ గొట్టంతోనే వచ్చి తలుపు తీసి, ఆమెని పైనుంచి కిందదాకా చూశాడు.

"ఎవరు పోయారు?"

"ఎవరూ పోలేదు. నేను పంపిన సగం ఉందా?"

ఉంది. ఫ్రేము కట్టించి గోడకి తగిలించుకున్నాడు. ఒంటరి పెళ్ళికొడుకు, అతని మోచేతి మీద తెల్ల గ్లవ్సు తొడిగిన చెయ్యి, మణికట్టు దాకానే.

"ఇదేం పెట్టుకున్నావయ్యా గోడకి?"

"ఆ సూటు నాకు బాగుండేది," అన్నాడు ఎమిల్. "నువ్వు ఆ పక్షి కోసమేగా వచ్చావు. చూసుకో. గద్ద."

"నెమలి."

"ముక్కు చూడు."

"నా దగ్గర తోకుంది. ఇస్తావా, ఇవ్వవా?"

"నన్నూ తీసుకెళ్తేనే. నీ చేతికిస్తే దారిలోనే నెమలైపోతుంది."

గురువారం వెనక సీట్లో ఆక్సిజన్ సిలిండరు, ముందు సీట్లో ఫ్రేము ఒళ్ళో పెట్టుకుని ఎమిల్. బ్రేకు ఆలస్యంగా వేస్తున్నావంటాడు, వేస్తే ఎందుకేశావంటాడు. ఈ గొంతు వినలేకే విడిపోయానన్న సంగతి విల్మాకి వంతెన మధ్యలో మళ్ళీ గుర్తొచ్చింది.

కౌన్సిల్ అధ్యక్షుడు రే డాంబెక్ ఫ్రేము విప్పించి రెండు ముక్కలూ బల్ల మీద పక్కపక్కన చేర్చాడు. అందరూ వంగి చూశారు. ముక్కు మీద తురాయి వచ్చి కూర్చుంది. గొంతు కింద చెరోవైపు కొసరుగా మిగిలినవి కలిసి, వేలాడే తోలు అయింది.

"కోడిపుంజు," అన్నాడు రే.

"ఫొటో పాతబడి అలా కనిపిస్తోంది," అన్నాడు ఎమిల్.

విల్మాకీ అదే అనాలనిపించింది. అతనితో ఏకీభవించడం ఇష్టంలేక ఊరుకుంది.

"గద్దలు ప్రతి బ్యాంకు మీదా ఉన్నాయి," అన్నాడు రే, గడ్డం గోక్కుంటూ. "పుంజుని నేనెక్కడా చూళ్ళేదు. ముందు రేకులు విప్పి చూద్దాం. పడగొట్టడానికి తొందరేముంది?" చేతులు లేచాయి. కార్ల స్థలం ఆలోచన వెనక్కి పోయింది. రే సొరుగులోంచి టేపు తీశాడు. "దీన్ని అతికించి రాష్ట్రం వాళ్ళకి పంపేస్తే..."

"టేపు వెయ్యొద్దు," అన్నారు విల్మా, ఎమిల్ ఒక్కసారే.

"జిగురు ఫొటోని తినేస్తుంది," అంది విల్మా.

"నా సగం నా గోడకే పోవాలి," అన్నాడు ఎమిల్.

చివరికి రెండు ముక్కలూ ఆనించి జిరాక్స్ తీశారు. మధ్యలో కత్తెర గీత నల్లగా పడింది. రే పెన్ను తీసుకున్నాడు. "కింద ఏమని రాయమంటారు?"

"ఓరియన్ థియేటర్, టిక్కెట్ గది."

"మరి ముందున్న వీళ్ళు?"

"అడ్డంగా నిలబడ్డవాళ్ళు," అంది విల్మా. కారు తాళాలు చేతిలోకి తీసుకుంది. ఎమిల్‌ని వంతెన అవతల దించిరావాలి. అది పుంజు కాదని దారి పొడుగునా వినాలి.