ఏటి సూసినారమ్మా?

బిలాస్‌పూర్‌లో మా చిత్రాల మ్యూజియాన్ని కొత్తగా సర్దేముందు, చూడ్డానికొచ్చినవాళ్ల అభిప్రాయాలు సేకరించే పని నాకిచ్చారు. నా ఫారాల నిండా ‘బాగుంది’ అన్న ఒక్క మాటే.

గుమ్మం దగ్గర కాపలా ఉండే, మేమంతా మామయ్య అని పిలిచే ఆయన రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన మనిషి. బయటికెళ్లేవాళ్లెవరైనా సరే, టోపీ తీసి చంకలో పెట్టుకుని, "ఏటి సూసినారు?" అని అడిగేవాడు.

ఒకరోజు రైల్వే క్వార్టర్ల నుంచి వచ్చిన ముసలామె ఆ ప్రశ్నకి ఆగిపోయింది.

"ఏటీ సూడనేదు బాబూ. బొమ్మలన్నీ పైనెక్కడో ఉన్నాయి, మెడ నొప్పెట్టేసింది. కూకోడానికి బల్లయినా నేదు."

"అచ్ఛా! ఇది రాసుకో తల్లీ," అన్నాడు మామయ్య, ఫారాలతో అక్కడే ఉన్న నాతో.

మర్నాటి నుంచి ఫారాలు పక్కనపెట్టి ఆయన పక్కన నిలబడ్డాను. గోడలకి రంగులేస్తే చాలనుకున్న మా పెద్దసారు, నేను రాసుకున్నదంతా చదివి రంగుల పని ఆపించారు. తర్వాత బొమ్మలు కిందికి దిగాయి, వాటి ఎదుట బల్లలు పడ్డాయి.

తిరిగి తెరిచిన రోజు మామయ్యే వెళ్లి ఆ ముసలామెని ఆటోలో తీసుకొచ్చాడు. ఆమె వరినాట్ల బొమ్మ ముందు కూర్చుని చాలాసేపు చూసింది.

"ఇందులో ఒకత్తి పాట పాడతంది, సూసినావా బాబూ?" అంది.

ఇన్నేళ్లూ బొమ్మలకి వీపు తిప్పి గుమ్మంలోనే నిలబడ్డ మామయ్య, వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాడు.