అత్తకు వచ్చిన ఒక్క ప్రార్థన

పోయిన నెల ఆత్మకూరులో మా ఇంటికి ఇద్దరు ఆడపిల్లలు ఒక కాగితం పట్టుకుని వచ్చారు. ఏదో కొత్త ప్రార్థన మందిరం వాళ్లు. సంఘానికి రావడం మానేసిన వాళ్ల ఇళ్లకు వెళ్లి, ఎందుకు మానేశారో అడిగి రాసుకుంటున్నారట. కారణాలు వాళ్లే అచ్చు వేయించుకుని వచ్చారు: లోకాశలు, పెళ్లి, ఉద్యోగం, అనారోగ్యం, ఇతరములు. మనం గడిలో టిక్కు పెడితే చాలు. నేను హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెప్పేదాన్ని, ప్రశ్నాపత్రం కనిపిస్తే తప్పులు వెతక్కుండా ఉండలేను. "మీరే పొమ్మన్నారు అనే గడి లేదేం ఇందులో?" అని అడిగాను. పెద్దపిల్ల నవ్వాలో వద్దో తెలియక చిన్నపిల్ల మొహం చూసింది. "ఇతరముల్లో పెట్టుకోండి మేడం," అంది చివరికి. మజ్జిగ ఇచ్చి, కాగితం ఖాళీగానే తిరిగిచ్చి పంపించాను. ఎండన పడి వచ్చిన పిల్లలతో నాకు పోట్లాటేమిటి? అసలు ఈ మధ్య ఎవరితోనూ పోట్లాడబుద్ధి కావడం లేదు.

వాళ్లు వెళ్లాక మా మేనత్త గుర్తొచ్చింది. మాది ఉదయగిరి కొండ కనపడేంత దూరంలో ఒక పల్లె. మా తాతల నాటి నుంచీ క్రైస్తవులం. మా అత్త అక్కడి సంఘంలో బైబిలమ్మ. అంటే మధ్యాహ్నాలు ఇంటింటికీ వెళ్లి, ఆడవాళ్లను కూర్చోబెట్టి, వాక్యం చదివి ప్రార్థన చేసే మనిషి. బాలింతలకు, పసిబిడ్డలకు, జ్వరాలకు ఆమే దిక్కు. మగవాళ్ల ముందు మాత్రం ఆమెకు నోరు లేదు. మందిరంలోనైనా, సమాధుల తోటలోనైనా పాస్టరు అయ్యగారూ సంఘపెద్దలే మాట్లాడాలి. ఎక్కడా రాసిపెట్టి లేని ఈ చట్టాన్ని ఆమె రాసిపెట్టిన వాటికంటే గట్టిగా పాటించేది. ప్రార్థన మధ్యలో ఆ ఇంటాయన గుమ్మంలో చెప్పులు విడిచిన చప్పుడైతే చాలు, మాట ఎక్కడుంటే అక్కడ "ఆమెన్" అనేసి, గొడుగు తీసుకుని లేచిపోయేది. ఒకసారి ఒక బాలింతకు "ప్రభువా, ఈ తల్లికి పాలు" దాకా వచ్చి ఆమెన్ అనేసింది. పాలు పడాలో వద్దో దేవుడే తేల్చుకున్నాడు. కుక్కలంటే భయం, దుత్తలూరు రోడ్డు మీద బస్సు లారీని దాటబోతే భయం, అన్నిటికంటే ఎక్కువగా సంఘపెద్ద దగ్గు అంటే భయం. ఆ పెద్దాయన మాకు పరాయివాడేమీ కాదు, నాకు వరసకు పెదనాయన, ఆమెకు అన్న. మందిరంలో అందరికంటే వెనక, తలుపు పక్కన చాప చివర కూర్చునేది, ఎప్పుడైనా లేచి పారిపోవలసి వస్తుందేమో అన్నట్టు.

నా తమ్ముడు నాకంటే ఆరేళ్లు చిన్న. ఆదివారాలు డోలక్ వాయించేవాడు. పాట అయిపోయినా వాడి వాయింపు అయ్యేది కాదు. వాడు గొర్రెలు మేపుకునే వాళ్లింటి పిల్లను ఇష్టపడి, వాళ్ల గుడిలో తాళి కట్టాడు. మా సంఘంలో ఇలాంటి వాటికి ఒక పద్ధతి ఉంది. తప్పు చేసినవాడు ఆదివారం అందరి ముందూ నిలబడి ఒప్పుకోవాలి, అప్పటిదాకా ప్రభువు బల్ల ఆరాధనలో అందరితో పాటు వాడికి రొట్టె పెట్టరు. వాడు మూడు నెలలు నానబెట్టి, ఒక ఆదివారం భార్యను వెంటబెట్టుకుని వచ్చి నిలబడ్డాడు. ఆ రోజు నేనూ వెళ్లాను. "తప్పు చేసినాను, క్షమించండి," అన్నాడు. అక్కడితో అయిపోవలసిందే. పెదనాయన దగ్గి లేచాడు. "నువ్వు గాదురా. ఆ పిల్లను చెప్పమను. బొట్టు తీసేస్తాను, మావోళ్ల అమ్మోరి కొలుపులకు పోను అని ఈడ నిలబడి అందరికీ ఇనబడేట్టు చెప్పాల," అన్నాడు. ఆ పిల్ల తల వంచుకుని నిలబడింది. మా తమ్ముడు ఆమె వైపు చూశాడు, పెదనాయన వైపు చూశాడు. "పదమే, గొర్రెలకు నీళ్లు పెట్టాల," అని చేయి పట్టుకుని నడిచాడు. మా అత్త చాపను దాటుకునే బయటికి పోయాడు. అత్త తలెత్తలేదు. వాడు మళ్లీ ఆ గడప తొక్కలేదు. దేవుడు లేడనో, వేరే దేవుడు గొప్పవాడనో వాడు ఒక్కనాడూ అనలేదు. గొర్రెలకు నీళ్లు పెట్టడం లోకాశల కిందికి వస్తుందో రాదో తేల్చగల చదువు నేను చదవలేదు.

సంఘం పుస్తకంలో వాడి పేరు కొట్టేశారు. అలా కొట్టేసిన ఇంటికి సంఘం వాళ్లు పోరు, పచ్చినీళ్లు తాగరు. మా అత్త కూడా ఆ వీధి వస్తే గొడుగు అటువైపుకు వంచుకుని నడిచేది. కొన్నేళ్లకు వాడి కిడ్నీలు పాడయ్యాయి. వారానికి రెండుసార్లు డయాలసిస్‌కు ఆత్మకూరు వచ్చి మా ఇంట్లోనే పడుకునేవాడు. "జారిపోయినోణ్ణి దేవుడు తట్టి పిలస్తా ఉండాడు," అని పెదనాయన అందరితో అన్నాడని తెలిసింది. వాడికి చెబితే, "ఇంత గట్టిగానా అక్కా తట్టేది?" అని నవ్వాడు. ఒక బుధవారం ఉదయం పోయాడు.

వాడిని ఊరికి తీసుకెళ్లాం. సమాధుల తోట గేటుకు తాళం వేసి ఉంది. అయ్యగారు ఊళ్లో లేరన్నారు. పెదనాయన ఇంటికి నేనే వెళ్లాను. జీవితమంతా వాదించిన నోరు నాది, కాలేజీలో వక్తృత్వానికి బహుమతులు తెచ్చుకున్నదాన్ని. "ఒప్పుకోలు కాకుండా పోయినోణ్ణి అక్కడ పెట్టనిస్తే రేపు సంఘాన్ని ఎవురు లెక్కజేస్తారు? నువ్వే చెప్పు, చదువుకున్నదానివి," అన్నాడు. చెప్పడానికి నా దగ్గర చాలానే ఉన్నాయి. ఒక్కటీ వాడుకోబుద్ధి కాలేదు. కోపం కూడా రాలేదు. వాళ్ల వరండాలో ఎండబెట్టిన మిరపకాయల్ని తొక్కకుండా దాటుకుని తిరిగొచ్చేశాను. నేను సంఘాన్ని వదిలింది ఎప్పుడని ఎవరైనా నిలదీస్తే, ఆ మిరపకాయల దగ్గరే అని చెప్పాలి.

చివరికి మరదలి నాయన, ఆ గొర్రెలాయన, "మా చేలో పెట్టుకుందాం," అన్నాడు. కంది చేను గట్టున గుంట తీశారు. నాలుగు గంటల వేళ దించారు. అందరూ పిడికిట్లో మట్టి పట్టుకుని ఆగిపోయారు. ఆ గొర్రెలాయనే మా వాళ్ల వైపు తిరిగి, "మీ దేవుడి మాట ఒకటి చెప్పేవాళ్లు ఎవురూ లేరా? పలుకూ పాటా లేకుండా మట్టి ఎట్టేస్తాం?" అన్నాడు. మావాళ్లలో మగవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సగం కీర్తనలు కంఠతా వచ్చిన నేను నేల చూశాను.

వెనక నుంచి మా అత్త వచ్చింది. ఎప్పుడొచ్చిందో ఎవరూ చూడలేదు. గొడుగు మడిచి గట్టు మీద పెట్టి, కళ్లు మూసుకుంది. "ప్రభువా, ఈ బిడ్డను మా చేతికిచ్చినావు," అని మొదలుపెట్టింది. పసిబిడ్డలకు చేసే ప్రార్థన అది. "పురుగూ పుట్రా ముట్టకుండా కాపాడు. జొరం రానియ్యబాక. కడుపునిండా పాలు దొరకనియ్యి." మా వాళ్లు ఉలిక్కిపడి కళ్లు తెరిచారు. గుంటలో ఉన్నవాడికి నలభై దాటాయి. అప్పుడే చేను పక్క డొంకదారిలో మోటారుసైకిలు ఆగింది. పెదనాయన దిగి, గట్టు దగ్గర నిలబడి దగ్గాడు. "ఏందిమే నువ్వు చేసేది?" అన్నాడు. అత్త కళ్లు తెరిచి ఆయన్ని చూసింది. చేయి గట్టు మీది గొడుగు వైపు పోయింది. ఆమెన్ అనేస్తుందని అందరం అనుకున్నాం. "నేను చెప్తా ఉండానన్నా, రవంత ఆగు," అని మళ్లీ కళ్లు మూసుకుంది. "కలత లేకుండా నిద్రపట్టనియ్యి. వాళ్లమ్మకు ఓపికనియ్యి. నీ చేతిలోనే పెరగనియ్యి," అని చివరిదాకా చెప్పింది. మరదలు అప్పుడు గట్టిగా ఏడ్చింది. గొర్రెలాయన చేతులు జోడించాడు. మట్టి వేశాం.

తిరిగి నడుస్తుంటే అడిగాను, "అత్తా, అది చంటిబిడ్డలకు చేసేది గదా?" అని. "తెలుసులే మే. ఇంకోటి నన్నెప్పుడు చెప్పనిచ్చినారు?" అంది.

తర్వాతి ఆదివారం ఆమె ఇకమీదట బైబిలమ్మ కాదని మందిరంలో చదివి వినిపించారు. విని, పాట పాడి, ఇంటికి పోయిందట. ఇప్పటికీ మందిరానికి వెళుతుంది, ఇప్పుడు ముందు వరసలో కూర్చుంటుంది. సంఘం పొమ్మన్న ఇళ్లన్నింటికీ వెళ్లి ఆ ప్రార్థనే చేస్తోంది. ఇంత జరిగాక వాళ్ల మధ్య ఎందుకు కూర్చుంటావని ఒకసారి నిష్టూరమాడాను. "వాళ్లబ్బ ఇల్లేంది అది? నువ్వు పోయినావు, నీ ఇష్టం. నేనెందుకు పోవాల?" అంది.  తమ్ముణ్ణి పూడ్చిన ఆ సాయంత్రం ఆమెలోంచి భయం పోయింది, నాలోంచి నమ్మకం పోయింది. రెండూ చప్పుడు లేకుండానే పోయాయి. ఆమె మళ్లీ భయం కోసం వెతుక్కోలేదు, నేను మాత్రం పోయినదాన్ని అప్పుడప్పుడు వెతుకుతుంటాను, దొరికితే ఏం చేసుకోవాలో తెలియకపోయినా. తమ్ముడు పోయి ఆరేళ్లయింది. ఒక మనిషిని మరచిపోవడానికి ఇన్నేళ్లు చాలంటారు, నాకింకా ఏడుపు మొదలుపెట్టడానికే చాలలేదు.