ఏడు తర్వాత ఎనిమిది

పొద్దున దేవుడి దగ్గర దీపం పెడుతుంటే కద్మాలో చిన్నాన్న ఇంటి నుంచి తమ్ముడి ఫోన్. "అప్పా, సిన్నాన్న ఎల్లిపోనాడు." ఒత్తి సర్ది, దండం పెట్టుకుని బయల్దేరాను. తోబుట్టువులం నలుగురిలో నేనే పెద్దక్కని.

మా చిన్నాన్న కంపెనీలో ఫిట్టరు. షిఫ్టు బస్సెక్కగానే పక్కవాడికి ఒక చిక్కులెక్క వేసేవాడు. దిగేటప్పుడు కూడా జవాబు చెప్పేవాడు కాదు. "నాను సెప్పీసినాననుకో, నీ మజా నాను తినీసినట్టే గదేటి?" అనేవాడు.

సాక్చి బజారుకి మమ్మల్ని వెంటేసుకుని వెళ్లేవాడు. ఒకసారి పళ్ల దుకాణంలో తొమ్మిది బత్తాయిలు ఏరి, "ఇందల ఒక్కటి తేలికనుకోండి. రెండుసార్లే తూసి పట్టుకోవాల" అన్నాడు. దుకాణదారు తరాజు వెనక్కి లాక్కుని, "చాచా, లేనా హై కి ఖేల్నా హై?" అన్నాడు, కొంటావా ఆడుకుంటావా అని. "దోనో భాయ్, దోనో!" రెండూనని చిన్నాన్న నవ్వు.

నాకు దారి తట్టి నోరు తెరవబోయాను. ఆయన నా చెయ్యి నొక్కాడు. "పెద్దదానివి గదా తల్లీ. తెలిసినా ఊరుకో. సిన్నోల్ని తేల్సుకోనీ." ఇల్లు నడుపుతూ ఆ మాట చాలాసార్లు తలుచుకున్నాను. బత్తాయిల జవాబు ఇక్కడా రాయను. మీ మజా మీదే.

మాలో ఎవరైనా ఏడుపు అందుకుంటే మాత్రం ఆయన దగ్గర ఒకటే లెక్క. ఎదురుగా కూర్చుని, "ఏడమ్మా, ఏడు. ఏడు తరవాతేటి?" అనేవాడు. ముక్కు ఎగబీలుస్తూ "ఎనిమిది" అనేవాళ్లం. అనగానే నవ్వొచ్చేసేది. వంటింట్లోంచి పిన్ని, "పిల్లల్ని సుకంగా ఏడవనీరు గదా! మీ లెక్కలు తగలెయ్యా!" అని అరిచేది.

నేను వెళ్లేసరికి పిన్ని గోడకి ఆనుకుని ఉంది. కంట చుక్క లేదు. అలా బిగుసుకుపోయిన మనిషి ఏమైపోతుందోనని నాకు భయం వేసింది. చుట్టూ ఆడవాళ్లు వీపు నిమురుతున్నారు. "ఏడు తల్లీ. మనసులో ఎట్టుకోకు."

ఆ మాటకి చెల్లెలు చప్పున నా వైపు చూసింది. జవాబు నా నాలిక మీదే ఉంది. ఊరుకున్నాను. దేవుణ్ణి తలుచుకున్నాను.

"ఏడమ్మా, ఏడు" అంది ఇంకొకావిడ.

పిన్ని తలెత్తింది. ఇంకా తడి ఆరని తువ్వాలు వేలాడుతున్న చిన్నాన్న కుర్చీ వైపు చూసింది.

"ఎనిమిది" అంది చిన్నపిల్లలా. నవ్వబోయి, ఏడ్చేసింది.