కువైట్‌లో ఆగిన గూడ్సు బండి

దెయ్యాలు, గాలి సోకడం లాంటి మాటలు ఎవరైనా ఎత్తితే లేచి వెళ్ళిపోయే రకం నేను. ఇప్పటికీ అంతే. అందుకే ఈ సంగతి మా ఇంట్లో కూడా చెప్పలేదు.

మాది నందలూరు దగ్గర పల్లె. ఇంటి వెనకే రైలు పట్టాలు. సరుకుతో పోయే గూడ్సు బండికీ, ఖాళీగా పోయేదానికీ తేడా చప్పుడు విని చెప్పేవాణ్ణి. ఇప్పుడు రైలే లేని దేశంలో, కువైట్‌లో, ఒక కంటైనర్ యార్డులో పని చేస్తున్నాను. ఓడల్లో వచ్చిన కంటైనర్లు సరుకు దించాక ఖాళీగా మా దగ్గరికి వస్తాయి. కొన్ని ఇరవై అడుగులవి, కొన్ని నలభై అడుగులవి. చిన్నప్పుడు గూడ్సు మీద పోతుంటే చూసినవి ఇవే. ఒక్కో బోగీ మీద పెద్దదైతే ఒకటి, చిన్నవైతే రెండు. వాటిని ఊడ్చి, కడిగి, ఆరడానికి తలుపులు తెరిచి పెట్టడం మా పని.

యార్డులో తెలుగువాళ్ళం ఇద్దరమే ఉండేవాళ్ళం. రెండో మనిషి పోశయ్య. జగిత్యాల వైపు ఆయన, నాకన్నా చాలా పెద్ద. మేం అద్దెకుండే మహబూలా పేటలో, నా గదిలో అందరూ వేరే భాషలవాళ్ళు. నేను తెలుగు మాట్లాడేది పోశయ్యన్నతోనే, అదీ అన్నం తినేటప్పుడు. ఆయన రాని రోజు నా నోట తెలుగు మాటే ఉండేది కాదు.

పోయిన ఎండాకాలం సంగతి. ఆ రోజుల్లో మధ్యాహ్నం బయట పని ఆపేస్తారు. అందరం ఏసీ ఉన్న క్యాబిన్‌లోకి చేరాం. పోశయ్యన్న రాలేదు. పొద్దున తల నొస్తోందన్నాడు, గదికి వెళ్ళి ఉంటాడనుకున్నాను. ఫోన్ చేస్తే కలవలేదు.

నా అన్నం డబ్బా పొద్దున ఊడ్చిన నలభై అడుగుల కంటైనర్‌లో మరిచిపోయాను. తెచ్చుకుందామని వెళ్ళి లోపల అడుగు పెట్టగానే వినిపించింది. గూడ్సు బండి.

ఎక్కడో దూరంగా కాదు. కాళ్ళ కింద కంటైనర్ చెక్క నేల అదురుతోంది. నిండా సరుకుతో, నెమ్మదిగా పోతున్న బండి. బయటికి వచ్చి చూశాను. క్రేన్లు ఆగి ఉన్నాయి. వాటి డ్రైవర్లు క్యాబిన్‌లో నిద్రపోతున్నారు. గేటు దగ్గర లారీ లేదు. గాలి తప్ప చప్పుడు లేదు. మళ్ళీ లోపలికి వెళితే బండి పోతూనే ఉంది. భయం వేయలేదు. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, ఏడుపొచ్చింది.

అంతలో బండి ఆగింది. గూడ్సు ఆగేటప్పుడు బోగీలు ఒకదానికొకటి తగిలి, ఆ మోత బండి పొడవునా పాకుతుంది. అలాగే పాకి, నా ఎడమ వైపుగా పోయి, యార్డు వెనక కొసన నిలిచిపోయింది.

ఎందుకో తెలియదు, ఆ వైపే నడిచాను. చివరి వరుసలో ముందురోజు కడిగిన ఇరవై అడుగుల కంటైనర్లు ఉన్నాయి. అన్నిటి తలుపులూ తెరిచే ఉన్నాయి. ఒక్కదాని తలుపు మాత్రం మూసి గడియ వేసి ఉంది. ఆ గడియ లోపలి నుంచి తీయడానికి రాదు. బయటి నుంచి తీశాను.

లోపల పోశయ్యన్న పడి ఉన్నాడు. ఒళ్ళు కాలిపోతోంది. చెమట పట్టడం కూడా ఆగిపోయింది. నేను అరిస్తే క్యాబిన్‌లోని వాళ్ళంతా పరుగెత్తుకొచ్చారు. నీళ్ళు పోసి, ఆస్పత్రికి పంపాం.

తలనొప్పికి కాసేపు నీడన పడుకుందామని వెళ్ళాడట. లోపల మనిషి ఉన్నాడేమోనని చూడకుండా ఎవరో తలుపు మూసేశారు. అక్కడి వరకు అందరికీ అర్థమైన సంగతే.

ఆయనకు తెలివి వచ్చాక చూడ్డానికి వెళ్ళాను. చప్పుడు సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. ఆయనే ఎత్తాడు.

"తమ్మీ, గూడ్సు బండి నీగ్గూడ ఇనవడ్డదా?"

మంచం పక్కనున్న కుర్చీలో కూర్చుండిపోయాను.

"కొట్టి కొట్టి చేతులు పడిపోయినయ్. ఎంత ఒర్రినా ఎవ్వలు రాలే. ఇగ అయిపోయిందనుకున్న. గప్పుడొచ్చింది బండి. నా పక్కకే వచ్చి ఆగింది. ఎవలన్న దిగుతరేమో అని చూస్తున్న. నువ్వు తలుపు తీసినవ్."

"ఇన్న్యానన్నా," అన్నాను. "ఆగేదంకా ఇన్న్యా."

ఆయన నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

ఆ తర్వాత మా సూపర్‌వైజర్‌కి చప్పుడు సంగతి ఒక్కటే చెబితే జనరేటర్ చప్పుడై ఉంటుందన్నాడు. అయి ఉండొచ్చని నేనూ వెళ్ళి చూశాను. జనరేటర్ గేటు పక్కన, అటు చివర ఉంది. అది ఒకే తీరున మోగుతుంది. బండి ఆగినట్టు ఆగదు.

కోలుకున్నాక పోశయ్యన్న ఇక్కడి పని ఖలాస్ చేసుకుని ఇంటికి వెళ్ళిపోయాడు. మొన్న ఫోన్‌లో అడిగాను, మళ్ళీ ఎప్పుడైనా విన్నావా అని.

"మా ఊరి పక్కపొంటి గూడ్సులు పోతనే ఉంటయ్. రోజూ ఇంటున్న. గా బండి వేరే తమ్మీ," అన్నాడు.

అదేమిటో నాకు ఈరోజుకీ తెలియదు. యార్డులో ఇప్పుడు తెలుగువాణ్ణి నేనొక్కణ్ణే. మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తుంటే, తలుపుకు రాయి అడ్డం పెట్టి, ఏదో ఒక ఖాళీ కంటైనర్‌లో కాసేపు నిలబడతాను. ఇంతవరకు మళ్ళీ ఏ చప్పుడూ రాలేదు.